పడుగూ పేకా తెలిసిన చేతులు: బరంపురంలో ఒక గట్టింగ్ దుకాణం

ఒడిశాలోని మా బరంపురంలో టెన్నిస్ ఆడేవాళ్లు ఎక్కువమంది లేరు. ఆడే మాకు కూడా మూడేళ్ల కిందటి వరకూ రాకెట్టుకు గట్టింగ్, అంటే కొత్త గట్ (తీగ) బిగించడం, చేయించుకోవాలంటే విశాఖపట్నం వెళ్లే బంధువుల చేతికో, భువనేశ్వర్ వెళ్లే స్నేహితుల చేతికో ఇచ్చి పంపడం తప్ప వేరే దారి ఉండేది కాదు. అలా పంపిన రాకెట్టు వారం తరువాత తిరిగి వచ్చేది, ఎంత బిగువుతో వేశారో చెప్పే చీటీ ఉండేది కాదు, అడిగితే సమాధానం దొరికేది కాదు. పాత బస్టాండుకు నడక దూరంలో, ఒక సందు చివర, ముందు గదిలో యంత్రం పెట్టుకుని ఈ పని చేసే పెద్దాయన ఉన్నాడని నాతో ఉదయం ఆడే ఒక డాక్టరుగారు చెప్పినప్పుడు నేను పెద్దగా నమ్మకం లేకుండానే వెళ్లాను. ఈ మూడేళ్లలో నా రెండు రాకెట్లూ, మా అబ్బాయి రాకెట్టూ కలిపి ముప్పై సార్లకు పైగా అక్కడే గట్టింగ్ చేయించాను కాబట్టి, ఆ దుకాణం గురించి వివరంగా రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను.

ఆ దుకాణానికి పేరు బోర్డు లేదు. లోపల ఒక బెంచీ, గోడకు వేలాడే రాకెట్లు, మధ్యలో చేతి పిడితో తిప్పే యంత్రం, దాని ఎదురుగా ఒక నల్లపలక ఉంటాయి. పెద్దాయన తండ్రీ తాతా బరంపురం పట్టు నేసినవారు. గుడి గోపురాల వరుసలా కనిపించే ఫోడా కుంభ అంచు మగ్గం మీద తీర్చడం ఆయన చిన్ననాటి నుంచి చూశారు, కొంతకాలం స్వయంగా నేశారు కూడా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, యంత్రం దగ్గర మాత్రం నేతపని భాష: రాకెట్టులోని నిలువు తీగలను ఆయన పడుగు అంటారు, అడ్డు తీగలను పేక అంటారు. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదని ఆయన పని చూస్తే తెలుస్తుంది. 16 నిలువు తీగలు వేసి, ఒక్కొక్క అడ్డు తీగనూ ఒకదాని పైనుంచి, మరొకదాని కిందనుంచి దాటిస్తూ 19 వరుసలు పూర్తి చేసేటప్పుడు, ఆయన ఎడమ చేతి వేళ్లు చూపుతో పని లేకుండానే తీగ దారిని పట్టుకుంటాయి. అడ్డు తీగను లాగేటప్పుడు తిన్నగా లాగకుండా విల్లులా వంచి లాగుతారు. తిన్నగా లాగితే రాపిడికి నిలువు తీగల మీద కోత పడుతుందట.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నా రాకెట్టు చేతిలోకి తీసుకోకముందే నన్ను ప్రశ్నించడం మొదలుపెట్టారు. వారానికి ఎన్ని రోజులు ఆడతారు, మోచెయ్యి నొప్పి ఉందా, బంతి కోర్టు దాటి పోతోందా లేక వలకు తగులుతోందా, ఇంతకుముందు ఎన్ని పౌండ్ల బిగువు వేయించారు అని వరుసగా అడిగారు. 58 అని చెప్పాను. నొప్పి ఉందన్నాను. "మాస్టారూ, 58 మీ చేతికి వద్దు. 52 వేస్తాను, గట్ కూడా పాలిస్టర్ వద్దు, మెత్తటిది వేద్దాం. బంతి కొంచెం లోతుగా పోతుంది, పది రోజుల్లో అలవాటు పడతారు" అన్నారు. పది రోజులు పట్టలేదు. నెల తిరిగేసరికి మోచేతి పట్టీ తీసి పక్కన పెట్టగలిగాను. అంతకుముందు మరో ఊళ్లో ఒక దుకాణంవారు ఒక్క తీగ తెగిందని, రాకెట్టును యంత్రానికి బిగించకుండానే మిగతా తీగలన్నీ కత్తెరతో ఇష్టం వచ్చిన వరసలో కత్తిరించి, ఫ్రేము ఒక పక్కకు వంగేలా చేసిన అనుభవం నాకుంది. ఈయన తెగిన రాకెట్టు రాగానే మధ్యలో నుంచి అంచులకు, రెండు వైపులా సమానంగా కత్తిరిస్తారు. ఫ్రేము మీద భారం ఒక పక్కకే పడకూడదన్న శ్రద్ధ అది.

ఆయన వాడేది కరెంటు యంత్రం కాదు. పిడి తిప్పగానే తీగ సాగి, నిర్ణయించిన బరువు రాగానే తాళం పడే రకం. కరెంటు యంత్రం ఆ బరువును విడవకుండా లాగి పట్టుకుంటుంది. తాళం పడే యంత్రంలో మాత్రం తాళం పడిన క్షణం నుంచే గట్ కొంచెం కొంచెం సాగి బిగువు తగ్గుతుంది. ఈ తేడా తెలిసిన మనిషి చేతిలో పాత యంత్రం కూడా నమ్మదగినదే. ఆయన వారానికోసారి స్ప్రింగు కాటాతో తన యంత్రాన్ని తూచుకుంటారు, సరిచేస్తారు. రాకెట్టు చేతికిచ్చేటప్పుడు తేదీ, గట్ పేరు, పౌండ్లు రాసిన చిన్న అట్టముక్క పిడికి కట్టి ఇస్తారు. "లాగిన బరువు చూసి మురిసిపోకూడదు, మర్నాటికి ఎంత నిలిచిందో అది లెక్క" అని ఆయన తరచూ అంటారు. ఈ మాట మళ్లీ ప్రస్తావించవలసి వస్తుంది, ఎందుకంటే ఆ దుకాణంలో జరిగే అసలు చర్చ అంతా దాని చుట్టూనే తిరిగింది.

యంత్రానికి ఎదురుగా ఉన్న నల్లపలక మీద ఎప్పుడూ ఒక సంవత్సరం రాసి ఉంటుంది. గట్టింగ్‌కు ముప్పావు గంట పడుతుంది, అంతసేపూ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆ సంవత్సరంలో పురుషుల టెన్నిస్‌లో అందరికన్నా మేటి ఎవరో తేల్చాలి. పేరు చెప్పి ఊరుకుంటే కుదరదు, కారణం చెప్పాలి. నేను చూసినంతలో చాలా సంవత్సరాలు ఒక్క పూటలో తేలిపోయాయి. 1969 రాసిన రోజు చర్చే జరగలేదు. రాడ్ లేవర్ నాలుగు పెద్ద టోర్నమెంట్లను, అంటే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లనూ గెలిచిన ఏడాది అది. 1989కి బోరిస్ బెకర్ వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచాడు కనుక, ర్యాంకింగ్‌లో ఇవాన్ లెండిల్ మొదటివాడే అయినా, బెంచీ అంతా బెకర్ వైపే మొగ్గింది. 1977 మాత్రం పలక మీద రెండు నెలలు నిలిచిపోయింది.

ఆ ఏడాది ఎందుకంత చిక్కుగా ఉందో చెప్పాలి. పురుష ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘమైన ఏటీపీ కంప్యూటరు ర్యాంకింగ్ ప్రకారం 1977 చివర మొదటి స్థానం జిమ్మీ కానర్స్‌ది. అదే ఏటీపీ ఇచ్చిన ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి గౌరవం బ్యోన్ బోర్గ్‌ది. వరల్డ్ టెన్నిస్ పత్రిక మొదటి స్థానం ఇచ్చినది అర్జెంటీనాకు చెందిన గియెర్మో విలాస్‌కి. ఒకే ఏడాదికి ముగ్గురు మొనగాళ్లు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ప్రపంచ ఛాంపియన్‌ను ప్రకటించడం 1978లో మొదలైంది కనుక, దాని తీర్పు కూడా ఈ ఏడాదికి లేదు.

కానర్స్ పక్షం వహించినవారు నాకు ఈ దుకాణం చూపించిన డాక్టరుగారే. ఆయన వాదన సూటిగా ఉంటుంది. కానర్స్ ఆ ఏడాది వింబుల్డన్‌లోనూ, యూఎస్ ఓపెన్‌లోనూ ఫైనల్ దాకా వెళ్లాడు, డల్లాస్‌లో డబ్ల్యూసీటీ (వరల్డ్ ఛాంపియన్‌షిప్ టెన్నిస్) ఫైనల్స్ గెలిచాడు, 1978 జనవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన, 1977 సీజన్‌కు ముగింపు అయిన మాస్టర్స్ ఫైనల్‌లో బోర్గ్‌ను ఓడించాడు. ర్యాంకింగ్‌లో ఆగస్టులో ఒక్క వారం బోర్గ్‌కు చోటివ్వడం తప్ప ఏడాదంతా పైన ఉన్నది అతనే. ఈ వాదనలో నాకు కనిపించిన లోపం ఒకటే, కానీ పెద్దది: ఆ సంవత్సరం ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా అతను గెలవలేదు. రెండు ఫైనళ్లలో ఒకటి బోర్గ్ చేతిలో, ఒకటి విలాస్ చేతిలో ఓడాడు. పోటీలో ఉన్న మిగతా ఇద్దరి చేతిలోనూ, అత్యంత ముఖ్యమైన రోజునే ఓడిన మనిషిని ఆ ఏడాది మేటి అనడానికి నా మనసు ఒప్పలేదు.

పెద్దాయన ఎంపిక బోర్గ్. 1977 వింబుల్డన్ ఆయనకు దాదాపు కంఠతా వచ్చు. సెమీఫైనల్‌లో వైటస్ గెరులైటిస్‌తో ఐదు సెట్లు ఆడి చివరి సెట్ 8-6తో గెలవడం, ఫైనల్‌లో కానర్స్‌తో మళ్లీ ఐదు సెట్లు ఆడి 3-6, 6-2, 6-1, 5-7, 6-4తో గెలవడం ఆయన చెబుతుంటే, చేతిలోని అడ్డు తీగ ఆగదు, మాట ఆగదు. బోర్గ్ తన చెక్క రాకెట్టుకు 80 పౌండ్ల దాకా బిగువు వేయించేవాడన్నది ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. చెక్క ఫ్రేము మీద అంత బిగువు నిలపడం ఎంత కష్టమో, హోటల్ గదిలో రాత్రిళ్లు వాటంతట అవే తీగలు తెగేవని ఎందుకు చెప్పుకునేవారో, గట్టింగ్ చేసే మనిషి వివరిస్తేనే అర్థమవుతుంది. ఆయన అసలు వాదన మాత్రం ఇది: ఆ సీజన్‌లో విలాస్ ఎవరినైనా ఓడించాడేమో కానీ బోర్గ్‌ను ఒక్కసారి కూడా ఓడించలేదు. మాస్టర్స్ సెమీఫైనల్‌లో బోర్గ్ 6-3, 6-3తో విలాస్‌ను ఇంటికి పంపాడు. ఇద్దరిలో ఎవరు మేటి అన్నప్పుడు ఆ ఇద్దరూ ఎదురుపడిన ఆటలనే కదా ముందు చూడాలి? ఇది బలమైన మాట. దీనికి జవాబు వెతకడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నేను విలాస్ పక్షం. ఆ పక్షాన చెప్పుకోవడానికి ఎంత ఉందో చూడండి. ఆ ఏడాది అతను గెలిచిన టైటిళ్లు 16. ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌లో బ్రయాన్ గాట్‌ఫ్రీడ్‌కు మొత్తం మీద మూడు గేములు మాత్రమే ఇచ్చి 6-0, 6-3, 6-0తో గెలిచాడు. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడాడు, అక్కడ రోస్కో టానర్ చేతిలో ఓడాడు. ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన ఆఖరి యూఎస్ ఓపెన్ ఫైనల్‌లో కానర్స్‌కు మొదటి సెట్ పోగొట్టుకుని కూడా 2-6, 6-3, 7-6, 6-0తో గెలిచాడు. వేసవి నుంచి వరుసగా 46 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడాడు. మట్టి కోర్టుల మీద లెక్క వేరుగా తీస్తే వరుస విజయాలు 53, ఆ లెక్కను దాటడానికి 2006లో రఫేల్ నాదల్ రావలసి వచ్చింది.

అంత గెలిచినవాడు ర్యాంకింగ్‌లో రెండో స్థానంలో ఎందుకు నిలిచాడన్న ప్రశ్న బెంచీ మీద చాలామందిని కలచివేసింది. అప్పట్లో కంప్యూటరు ఆటగాడి పాయింట్లన్నీ కూడి, ఆడిన టోర్నమెంట్ల సంఖ్యతో భాగించేది. అంటే ఎక్కువ చోట్ల ఆడినవాడికి, చిన్న ఊళ్ల టోర్నమెంట్లను కూడా కాదనకుండా వెళ్లినవాడికి సగటు పలచబడుతుంది, ఎంచుకుని కొద్ది చోట్లే ఆడినవాడికి చిక్కబడుతుంది. ఆ రోజు బెంచీ మీద ఉన్న ఒక నేత కుటుంబం కుర్రవాడు, "బాబాయ్, నెలకు పది చీరలు నేసినవాడి కూలిని చీరల లెక్కన భాగించి, రెండే చీరలు నేసినవాడు గొప్పన్నట్టుంది కదా" అన్నాడు. పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. ఆ రెండు చీరలూ మేలైనవైతే ఏమంటావని తిరిగి అడిగారు. నిజమే, సగటు అన్నది పూర్తిగా అన్యాయమైన కొలత ఏమీ కాదు. కానీ యూఎస్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్ రెండూ మేలైన చీరలే. అవి నేసిన చేతులు విలాస్‌వి. ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు వెళ్తాను: ఎడ్వర్డో పుప్పో అనే అర్జెంటీనా పాత్రికేయుడు ఒక రుమేనియా గణితజ్ఞుడితో కలిసి పాత ర్యాంకింగులను మళ్లీ లెక్కకట్టి, 1975లోనూ, 1976 ఆరంభంలోనూ కొన్ని వారాలు విలాస్ మొదటి స్థానంలో ఉండవలసిందని చూపించాడు. ఏటీపీ ఆ సవరణకు ఒప్పుకోలేదు. విలాస్‌కు అన్యాయం జరిగిందని మాట్లాడేవాళ్లు తరచూ ఆ లెక్కనూ 1977నూ కలిపేస్తారు. అవి వేరు వేరు విషయాలు, 1977లో జరిగినది లెక్కలో తప్పు కాదు, లెక్కించే పద్ధతి అలాంటిది.

ఎదుటివారు చెప్పే మాటలను కూడా దాచకుండా రాయాలి. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆ ఏడాది బోర్గ్ లేడు, అమెరికాలో వరల్డ్ టీమ్ టెన్నిస్ అనే జట్ల లీగ్ ఆడుతున్నాడు. కానర్స్ కూడా లేడు. విలాస్ గెలుపుల్లో ఎక్కువ భాగం మట్టి కోర్టుల మీదే, యూఎస్ ఓపెన్ కూడా అప్పుడు పచ్చ మట్టి మీదే జరిగేది. వింబుల్డన్‌లో విలాస్ మూడో రౌండులోనే బిల్లీ మార్టిన్ చేతిలో ఓడిపోయాడు. ఇవన్నీ నిజాలే. అయినా యూఎస్ ఓపెన్‌లో బోర్గ్ పేరు ఉంది. భుజం నొప్పితో డిక్ స్టాక్టన్‌తో ఆడుతూ మధ్యలో తప్పుకున్నాడు. శరీరాన్ని ఏడాది పొడవునా నిలబెట్టుకోవడం కూడా ఆటలో భాగమేనని నా అభిప్రాయం. మాస్టర్స్‌లో గ్రూపు దశలో కానర్స్‌ను మూడు సెట్లలో విలాస్ మళ్లీ ఓడించాడు, అది మట్టి కోర్టు కాదు, కప్పు కింద వేసిన కార్పెట్ కోర్టు. ఇక బోర్గ్‌ను ఓడించలేదన్న మాటకు నా జవాబు పెద్దాయన సొంత మాటే. లాగిన బరువు కాదు, నిలిచిన బిగువు లెక్క అన్నారు కదా. జనవరి నుంచి మరుసటి జనవరి దాకా, ఇన్ని ఊళ్లలో, ఇన్ని వాతావరణాల్లో సడలకుండా నిలిచిన బిగువు ఆ ముగ్గురిలో విలాస్‌దే. ఈ మాట చెప్పిన రోజు పెద్దాయన పిడి తిప్పడం ఆపి నన్ను కాసేపు చూశారు. ఒప్పుకోలేదు, కానీ పలక మీద 1977 పక్కన బోర్గ్ పేరు కింద విలాస్ పేరు కూడా రాశారు.

ఈ దుకాణంలో ఆ చర్చ మరెక్కడా జరగనంత లోతుగా జరగడానికి కారణం, విలాస్ వరుస విజయాలను ఆపినది ఒక ఆటగాడు మాత్రమే కాదు, ఒక గట్టింగ్ పద్ధతి కూడా. 1977 అక్టోబరు ఆరంభంలో ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఇలీ నస్టాసే స్పగెట్టి రాకెట్టు అని పేరుపడిన దానితో ఫైనల్‌కు వచ్చాడు. రెండు సెట్లు పోగొట్టుకున్న విలాస్ ఆట మధ్యలోనే విరమించుకున్నాడు. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ రూపొందించిన ఆ పద్ధతి ఏమిటో నేను చాలాసార్లు చదివాను, కానీ పెద్దాయన ఒక పాత ఫ్రేము మీద నాలుగైదు వరుసలు వేసి చూపించిన తరువాతే నాకు బోధపడింది. అందులో నిలువు తీగలు రెండు పొరలు, అడ్డు తీగలకు ముందొకటి, వెనకొకటి. పైనా కిందా దాటించి అల్లడం లేదు. "పేకను పడుగులోకి ఎక్కించలేదు మాస్టారూ. ఇది నేత కాదు, పేర్చడం" అన్నారాయన. తీగలు అల్లుకోలేదు కనుక బంతి తగలగానే నిలువు పొర మొత్తం పక్కకు జారి, తిరిగి వస్తూ బంతిని విపరీతంగా తిప్పేస్తుంది. నేలకు తగిలాక బంతి ఎటు లేస్తుందో ఎదుటి ఆటగాడికి అంతుపట్టదు. అంతకు కొద్ది వారాల ముందే యూఎస్ ఓపెన్‌లో మైకేల్ ఫిష్‌బాక్ అనే పెద్దగా పేరులేని ఆటగాడు అలాంటి రాకెట్టుతోనే స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. అంతర్జాతీయ సమాఖ్య అదే అక్టోబరులో దాన్ని నిలిపివేసి, 1978లో నియమం రాసింది: తీగలు ఒకదానినొకటి దాటే చోట అల్లుకుని గానీ, అతుక్కుని గానీ ఉండాలి. ఈ రోజు మన చేతిలోని ప్రతి రాకెట్టూ ఆ నియమం ప్రకారం తయారైనదే. పడుగు పేకల మాట తరతరాలుగా తెలిసిన మనిషి నోట ఆ నియమం వినడం ఒక అదృష్టమని నాకు అనిపించింది.

డాక్టరుగారు తమ అటక మీద నుంచి ఒక పాత విల్సన్ టీ-2000 రాకెట్టును దించి తెచ్చిన రోజు గురించి కూడా చెప్పాలి. కానర్స్ వాడిన ఉక్కు రాకెట్టు అదే రకం, ఫ్రాన్స్‌కు చెందిన రెనే లకోస్ట్ రూపకల్పన. దాని ఫ్రేముకు రంధ్రాలుండవు, చుట్టూ చుట్టిన ఉక్కు తీగ మెలికల్లో నుంచి గట్ దూర్చాలి. పెద్దాయన అలాంటిదాన్ని మునుపెన్నడూ ముట్టుకోలేదు. తొందరపడకుండా ముందు రోజంతా తిప్పి తిప్పి చూసి, మెలికలకు పట్టిన తుప్పు గుడ్డతో తుడిచి, రెండో రోజు సాయంత్రం మూడు గంటలు కూర్చుని పూర్తి చేశారు. బిగువు మామూలుకన్నా తక్కువే వేశారు, పాత ఉక్కు మెలికలు తట్టుకోవాలని. పని ముగించాక, "డాక్టరుగారూ, దీనితో రెండు ఫైనళ్లు ఆడాడంటే కానర్స్ మామూలు మనిషి కాదు" అని మాత్రం అన్నారు. తన ఓటు మాత్రం మార్చుకోలేదు.

ఇక ఖర్చు సంగతి. మనం గట్ తీసుకెళ్తే కూలి 200 రూపాయలు, ఆయన దగ్గర ఉన్న నైలాన్ వేయిస్తే మొత్తం 500 లోపే అవుతుంది. సన్నటి పోగులెన్నో కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ రకం రెండు మూడు మాత్రమే ఉంటాయి. పాలిస్టర్ కావాలనుకునే కుర్రవాళ్లకు ఆయన వయసు అడిగి, చాలాసార్లు వద్దని పంపేస్తారు. తెగకపోయినా ఆ గట్ బిగువు త్వరగా చచ్చిపోతుందని, చచ్చిన గట్‌తో ఆడితే చెయ్యి పాడవుతుందని ఆయన చెప్పేది సరైన మాటే, కానీ పోటీల్లో ఆడే పిల్లలకు ఇది ఇబ్బందే. మా అబ్బాయికి వేయించడానికి నేను రెండుసార్లు నచ్చజెప్పవలసి వచ్చింది. పశువుల పేగుతో చేసే సహజ గట్ దొరకదు. గోపాలపురం సముద్రం ఇంత దగ్గరలో ఉండగా ఈ తేమలో అది నిలవదని ఆయన తెప్పించరు. ఫోన్‌పే ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి. చర్చ వేడెక్కినప్పుడు వరసలో ఉన్న రాకెట్టు ఆలస్యమవుతుంది. ఒకసారి సాయంత్రానికి ఇస్తానన్నది మర్నాడు ఉదయానికి గానీ చేతికి రాలేదు, ఆ రోజు నేను అరువు రాకెట్టుతో ఆడాను. ఫోను ఎత్తరు, స్వయంగా వెళ్లవలసిందే. రెండేళ్లకోసారి ఊళ్లో జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో దుకాణం తెరవరు, కాబట్టి ఆ నెలలో పోటీలున్నవాళ్లు ముందుగానే చేయించుకోవాలి. ఒక్క యంత్రం, ఒక్క మనిషి. ఆయన ఊరు వెళ్తే పని ఆగిపోతుంది, దగ్గర కూర్చుని నేర్చుకుంటున్న కుర్రవాడికి నిలువు తీగలు వచ్చాయి గానీ అడ్డు తీగలు ఇంకా కుదరలేదు. ఈ లోపాలు తెలిసి కూడా నా రాకెట్టు వేరే చోటికి పంపాలన్న ఆలోచన నాకు రాలేదు.

వెళ్లదలచినవాళ్లు ఉదయం పదకొండు తరువాత, లేదా సాయంత్రం ఐదు తరువాత వెళ్లండి. ఇంతకుముందు ఎన్ని పౌండ్లు వేయించారో తెలుసుకుని వెళ్లండి, అడుగుతారు. గంట సమయం పెట్టుకుని కూర్చోండి. కిందటి వారం నేను వెళ్లేసరికి పలక మీద 1977 చెరిపేసి 1982 రాశారు. ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచినది కానర్స్, ఏడాది చివర ర్యాంకింగ్‌లో మొదటివాడు జాన్ మెకెన్రో, మాస్టర్స్ గెలిచినది లెండిల్. డాక్టరుగారు అప్పటికే బెంచీ మీద ముందుకు జరిగి కూర్చున్నారు.